ఎముకకు ప్లేటు ఎందుకు వేస్తారు?

పిల్లలూ! వానకాలంలో కొల్లేటికోట చుట్టుపక్కల చేపల చెరువుల గట్లు ఎంత జారుడుగా ఉంటాయో ఆ ప్రాంతం వారికి చెప్పనక్కర లేదు. కాలు జారి పడితే ఒక్కొక్కప్పుడు ఎముక విరుగుతుంది. "ఏలూరు తీసుకువెళ్తే ప్లేటు వేశారు" అని పెద్దలు చెప్పుకోవడం మీరు వినే ఉంటారు. మరి ఆ ప్లేటు ఎముకను అతికిస్తుందా?

అతికించదు! విరిగిన ఎముకను అతికించేది ఆ ఎముకే. అదెలాగో చూద్దాం.

ఎముక విరిగినచోట మొదట రక్తం గడ్డకడుతుంది. తర్వాత అక్కడికి కొత్త కణాలు చేరతాయి. రెండు మూడు వారాలకు మెత్తని పదార్థం ఒకటి ఏర్పడి ముక్కలను కలుపుతుంది. దీనిని 'కేలస్' అంటారు. అందులో కాల్షియం లవణాలు చేరి, క్రమంగా అది గట్టి ఎముకగా మారుతుంది. పెద్దవారి కాలి ఎముకకు ఇందుకు 3 నుంచి 6 నెలలు పట్టవచ్చు. పిల్లలకు ఇంకా త్వరగా అతుకుతుంది.

అయితే ఈ పని సాగాలంటే ముక్కలు సరైన వరుసలో ఉండాలి. ఎక్కువగా కదలకూడదు. వాటికి రక్తం బాగా అందాలి. ముక్కలను కదలనీయకుండా ఉంచడానికి చెట్టు బెరడు, వెదురు బద్దలు వాడాలని సుశ్రుతుడి కాలంలోనే మనవారికి తెలుసు. పుత్తూరు కట్టు పేరు తెలుగునాట తెలియనివారు అరుదు. నేటికీ చాలా విరుపులు పిండికట్టుతోనే నయమవుతాయి. కాని ఎముక అనేక ముక్కలైనా, కీలు దగ్గర విరిగినా, పైనుంచి కట్టిన కట్టు వాటిని సరిగా పట్టి ఉంచలేకపోవచ్చు. అప్పుడు శస్త్రచికిత్స చేసి లోహపు ప్లేటు బిగిస్తారు.

1886లో జర్మనీకి చెందిన హాన్స్‌మన్ అనే వైద్యుడు ఎముకకు ప్లేటు, స్క్రూలు బిగించే పద్ధతిని ప్రకటించాడు. తొలినాటి లోహాలు శరీరంలో త్వరగా తుప్పు పట్టేవి. ఇప్పుడు తుప్పు పట్టని ప్రత్యేకమైన ఉక్కును, టైటానియంను వాడుతున్నారు. 1958లో స్విట్జర్లాండులో కొందరు వైద్యులు ఒక సంఘంగా ఏర్పడి ఈ చికిత్సకు పద్ధతులు రూపొందించారు.

మామూలు ప్లేటును స్క్రూలు ఎముకకేసి గట్టిగా అదుముతాయి. ఆ ఒరిపిడి వల్లనే ప్లేటు జారకుండా నిలుస్తుంది. ఇందులో రెండు చిక్కులున్నాయి. ప్లేటు కింద ఎముకపై పొర నలిగి, రక్త ప్రసారం తగ్గుతుంది. పైగా ముసలివారి ఎముక గుల్లబారి ఉంటే స్క్రూలు ఒక్కొక్కటిగా వదులైపోతాయి.

దీనికి విరుగుడే లాకింగ్ స్క్రూ. 2000 తర్వాత ఇది బాగా వాడుకలోకి వచ్చింది. దీని తలకు కూడా మర ఉంటుంది. ప్లేటు రంధ్రంలోనూ మర ఉంటుంది. సీసాకు మూత బిగిసినట్లు స్క్రూ తల ప్లేటులో బిగిసిపోతుంది. అప్పుడు ప్లేటూ స్క్రూలూ కలిసి ఒకే చట్రం అవుతాయి. ఆ చట్రం ఎముకను అదమకుండానే పట్టి ఉంచుతుంది.

ఒక చిన్న ప్రయోగం చేయండి. పెద్దవారి సాయంతో ఒక చెక్క బద్దకు నాలుగు మేకులు బిగుతుగా దిగగొట్టి, వాటి మొనలను అరటి బోదెలో గుచ్చండి. ఇంకొక బద్దకు పెద్ద రంధ్రాలు చేసి, వాటిలోంచి మేకులను వదులుగా గుచ్చండి. రెండు బద్దలనూ ఒక చివర పట్టుకుని ఊపండి. వదులు మేకులు ఒరిగి, ఒకదాని తర్వాత ఒకటి ఊడివస్తాయి. బిగిసిన మేకులు ఒరగలేవు. అన్నీ కలిసి బరువు మోస్తాయి. గుల్లబారిన ఎముకలో లాకింగ్ స్క్రూ చేసే మేలు ఇదే.

అలాగని ప్రతి విరుపుకూ ఇదే మంచిదని కాదు. చట్రం మరీ బిర్రుగా ఉంటే కేలస్ సరిగా పెరగకపోవచ్చు. ఇంకొక సంగతి. ఇనుప తీగను అటూ ఇటూ పదే పదే వంచితే ఏమవుతుంది? తెగిపోతుంది. నడకలో ప్రతి అడుగూ ప్లేటును రవ్వంత వంచుతుంది. ఎముక అతకకుండా అదే పనిగా బరువు మోపితే టైటానియమైనా సరే ఏదో ఒకనాడు విరుగుతుంది. అంటే ఎముకకూ లోహానికీ మధ్య ఒక పందెం జరుగుతూ ఉంటుందన్నమాట! లోహం అలసిపోయేలోగా ఎముక అతుక్కోవాలి. డాక్టరు చెప్పేదాకా కాలు మోపవద్దనేది అందుకే. కీళ్ళు బిగుసుకుపోకుండా ఆయన చెప్పిన కదలికలు మాత్రం చేస్తూ ఉండాలి.

ఎముక విరిగిందని అనుమానం వస్తే మర్దన చేయవద్దు, లాగవద్దు. 108కి ఫోన్ చేయండి. పడవలోనో బండిలోనో తరలించక తప్పకపోతే, ముందు బద్ద పెట్టి, పై కీలూ కింది కీలూ కదలకుండా గుడ్డతో కట్టండి. వేళ్ళు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా కట్టు వెంటనే వదులు చేయండి. గాయం ఉంటే శుభ్రమైన గుడ్డ కప్పండి. ఆసుపత్రికి చేరేలోగా మీరు చేయగలిగిన ఈ కొద్దిపాటి పనే ఒక కాలును కాపాడవచ్చు.