విమానాలకు భోజనం కట్టిన ఆడవాళ్లు

విమానంలో కూర్చున్న వాళ్లకు వేళకు భోజనం పెడతారు. ఆ భోజనం విమానంలో వండరు. కింద, విమానాశ్రయం దగ్గర ఉన్న పెద్ద వంటశాలలో తయారు చేస్తారు. ఒక్కో పళ్లెంలో ఇంత కూర, ఇంత రొట్టె, ఒక మిఠాయి, చెంచా, కాగితం రుమాలు పెట్టి సర్దుతారు. మనం పిల్లలకు క్యారేజీ కట్టినట్టే. కాకపోతే ఇక్కడ రోజుకు వేల పళ్లేలు కట్టాలి. ఆలస్యమయితే విమానం కదలదు. అందుకని చేతులు ఆడుతూనే ఉండాలి.

ఇంగ్లండు దేశంలో లండన్ నగరం ఉంది. అక్కడ హీత్రో అనే పెద్ద విమానాశ్రయం ఉంది. దానికి దగ్గరలో సౌతాల్ అనే పేట ఉంది. పంజాబు నుంచి వలస వెళ్లిన కుటుంబాలు ఆ పేటలో చాలా ఉన్నాయి. ఆ ఇళ్లలోని ఆడవాళ్లు ఎందరో హీత్రో వంటశాలలో పని చేసేవారు.

ఆ వంటశాల మొదట బ్రిటిష్ ఎయిర్‌వేస్ అనే విమానాల కంపెనీదే. విమానం నడిపేవాళ్లూ, సామాన్లు ఎక్కించేవాళ్లూ, భోజనం కట్టేవాళ్లూ అందరూ ఒకే కంపెనీ మనుషులు. 1997లో ఆ కంపెనీ వంటశాలను గేట్ గూర్మే అనే మరో కంపెనీకి అమ్మేసింది. భోజనం వాళ్లు కట్టివ్వాలి, వీళ్లు డబ్బు ఇవ్వాలి అని ఒప్పందం. ఇట్లా తమ పనిని బయటివాళ్లకు అప్పగించడాన్ని ఔట్‌సోర్సింగ్ అంటారు. మన ఆసుపత్రుల్లో ఊడ్చే పని కాంట్రాక్టరుకు ఇస్తారు చూడండి, అదీ ఇలాంటిదే.

ఆడవాళ్లు పనికి పోయే దారి మారలేదు. పళ్లేలూ మారలేదు. ఆ పళ్లేలు పోయే విమానాలూ మారలేదు. జీతం ఇచ్చే యజమాని మాత్రం మారాడు. ఆ మార్పు అంతటితో ఆగిందా? లేదు. గేట్ గూర్మే అప్పట్లో స్విస్ఎయిర్ అనే కంపెనీ వాళ్లది. 2001లో స్విస్ఎయిర్ దివాలా తీసింది. 2002లో అమెరికాలోని ఒక పెట్టుబడి కంపెనీ గేట్ గూర్మేను కొనేసింది. అయిదేళ్లలో చేతులు మారి చేతులు మారి పోయింది. వంట గురించి తెలిసిన వాళ్లా, లాభం లెక్క తెలిసిన వాళ్లా కొన్నది? రెండో రకం వాళ్లే.

విమానాల కంపెనీకి ఖర్చు తగ్గాలి. నష్టం వస్తోందని గేట్ గూర్మే అంది. మరి ఎక్కడ తగ్గించాలి? కూరగాయల ధర వాళ్ల చేతిలో లేదు. వాళ్ల చేతిలో ఉన్నది పనివాళ్ల జీతాలూ, పనివాళ్ల లెక్కా. కొందరిని తీసేయాలని మాటలు మొదలయ్యాయి.

2005 ఆగస్టు 10న వంటశాలలోకి కొత్తగా వంద మందికి పైగా తాత్కాలిక పనివాళ్లను తెచ్చారు. పాతవాళ్లకు కడుపు మండింది. మనుషులు ఎక్కువయ్యారంటారు, మళ్లీ కొత్తవాళ్లను తెస్తారు, ఇదేం లెక్క? సంగతి తేల్చుకోవాలని అందరూ క్యాంటీనులో గుమిగూడారు. కంపెనీ దాన్ని సమ్మె అంది. ముందు ఓట్లు వేసుకుని, నోటీసు ఇచ్చి సమ్మె చేయాలని అక్కడి చట్టం. తాము సమ్మె చేయలేదని, అడగడానికే కూడామని ఆడవాళ్లు చెప్పారు. కంపెనీ వినలేదు. పనిలోకి పోకపోతే ఉద్యోగం పోతుందని మైకులో చెప్పింది. దాదాపు 670 మందిని తీసేసింది. ఆ రోజు సెలవులో ఉండి, అసలు క్యాంటీనుకే రానివాళ్లు కూడా అందులో ఉన్నారు.

మర్నాడు బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో సామాన్లు ఎక్కించేవాళ్లు పని ఆపేశారు. వాళ్లు సుమారు వెయ్యి మంది. వాళ్లలో కొందరు ఆ ఆడవాళ్లకు చుట్టాలు, ఇరుగుపొరుగు. హీత్రోలో ఆ కంపెనీ విమానాలు ఒక రోజుకు పైగా ఎగరలేదు. దాదాపు లక్ష మంది ప్రయాణికులు ఇబ్బంది పడ్డారు.

కాని ఆ సాయం ఎక్కువ సేపు నిలవలేదు. ఒక కంపెనీ పనివాళ్ల కోసం మరో కంపెనీ పనివాళ్లు సమ్మె చేయడాన్ని ఆ దేశంలో చట్టం ఒప్పదు. సామాన్లు ఎక్కించేవాళ్లు తిరిగి పనిలోకి పోవాలని యూనియనే చెప్పాల్సి వచ్చింది. 1997కు ముందయితే వీళ్లంతా ఒకే కంపెనీ వాళ్లు. అప్పుడు పద్ధతి ప్రకారం అందరూ కలిసి సమ్మె చేయడానికి వీలుండేది. ఇప్పుడు, అదే విమానానికి పని చేస్తున్నా, కాగితం మీద వేరు వేరు.

ఆడవాళ్లు విమానాశ్రయం పక్కన ఒక దిబ్బ మీద జెండాలు పట్టుకుని వారాల తరబడి నిలబడ్డారు. సెప్టెంబరులో కంపెనీకీ యూనియనుకూ రాజీ కుదిరింది. కొందరిని తిరిగి తీసుకున్నారు. మిగతావాళ్లకు ఇంత డబ్బు ఇచ్చి పంపేస్తామన్నారు. ఆ రాజీకి ఒప్పుకోని ఆడవాళ్లు కొందరు కోర్టు మెట్లు కూడా ఎక్కారు.

మన దేశంలో 1970లో కాంట్రాక్టు కార్మికుల చట్టం వచ్చింది. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే, పని చేయించుకున్న అసలు యజమాని ఆ జీతం ఇవ్వాలని అందులో రాశారు. 2020లో చేసిన కొత్త చట్టంలోనూ ఈ మాట ఉంది. అడగాలంటే చేతిలో కాగితం ఉండాలి. హాజరు కార్డు, జీతం చీటీ దాచుకోవాలి. వాటి మీద ఎవరి పేరు ఉందో చదువుకోవాలి.

మాట్లాడుకోండి

మీ ఊళ్లో కాంట్రాక్టరు కింద జరిగే పనులు ఏవి?
ఆ పనివాళ్లకు జీతం ఎవరు ఇస్తారు? పని ఎవరిది?
మీ దగ్గర ఉన్న పని కార్డు తెచ్చి, దాని మీద ఉన్న పేరు పైకి చదవండి.