టీవీలో బొమ్మ ఆగిపోతే లోపం ఎక్కడ?

ఫోన్‌లో వీడియో చక్కగా వస్తుంది. టీవీకి తగిలించిన స్ట్రీమింగ్ స్టిక్‌లో మాత్రం చక్రం తిరుగుతూనే ఉంటుంది. చాలామంది వెంటనే ఎక్కువ వేగం ప్లాన్‌కు డబ్బు కడతారు. లోపం ఇంట్లోని వైఫైలో ఉంటే ఆ డబ్బు వృథాయే.

తేల్చుకోవడం సులువు. ఫోన్‌ను వైఫైకి కలిపి రౌటర్ పక్కన ఒకసారి, టీవీ దగ్గర మరోసారి వేగం కొలవండి. రెండు చోట్లా తక్కువగా ఉంటే లోపం లైనులోనో, రౌటర్‌లోనో ఉన్నట్లు. టీవీ దగ్గర మాత్రమే పడిపోతే వైఫై సంకేతం సరిగా అందడం లేదన్నమాట. రెండు చోట్లా బాగుంటే స్టిక్‌నే చూడాలి. హెచ్‌డీ వీడియోకు సుమారు 5 ఎంబీపీఎస్, 4కేకు 15 నుంచి 25 ఎంబీపీఎస్ చాలు.

వైఫై అంటే రేడియో తరంగాలే. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. ఇది గోడలను కొంత మెరుగ్గా దాటుతుంది. కానీ పొరుగిళ్ల రౌటర్లు, బ్లూటూత్ పరికరాలు కూడా ఈ పౌనఃపున్యాలనే వాడతాయి. మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేదీ 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే. అందుకే వంటింట్లో ఓవెన్ వేయగానే హాల్లో సినిమా ఆగవచ్చు. 5 గిగాహెర్ట్జ్‌లో రద్దీ తక్కువ, వేగం ఎక్కువ. అయితే గోడలు అడ్డొస్తే త్వరగా బలహీనపడుతుంది.

కాబట్టి టీవీ, రౌటర్ ఒకే గదిలో ఉంటే 5 గిగాహెర్ట్జ్‌ను ఎంచుకోండి. మధ్యలో రెండు మూడు గోడలుంటే 2.4 మేలు. అందులో 1, 6, 11 చానళ్లు ఒకదానిపై ఒకటి పడవు. రద్దీ తక్కువున్నది వాడండి. రౌటర్‌ను ఇనుప బీరువా పక్కన కాకుండా ఎత్తులో, అడ్డులేని చోట ఉంచండి. స్టిక్ టీవీ వెనుక లోహపు భాగాల చాటున ఉంటే, చిన్న హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెన్షన్ తీగతో దాన్ని పక్కకు తీయండి.