గునుగు ఏమైంది?

బతుకమ్మ పండుగ వచ్చింది. కోడలు పువ్వు కోయడానికి పోయింది.

"అత్తా, తంగేడు దొరికింది. గునుగు గుప్పెడే దొరికింది" అన్నది.

"మా చిన్నతనంలో జొన్న చేలల్లో మోపులు కట్టుకొచ్చేటోళ్లం బిడ్డా" అన్నది అత్త.

గునుగు ఎందుకు తగ్గింది?

తంగేడు ఏండ్ల తరబడి బతుకుతుంది. కొమ్మ విరిచినా మళ్లీ చిగురిస్తుంది. గునుగు అట్ల కాదు. వానలకు మొలుస్తుంది. తెల్లటి, గులాబి రంగు కుచ్చులు వేస్తుంది. గింజ రాల్చి ఎండిపోతుంది. మళ్లీ మొలవాలంటే ఆ గింజే దిక్కు.

రైతుకు గునుగు కలుపు మొక్క. అది నిజమే, పంట బలాన్ని లాగుతుంది. వెనుక చేత్తో కలుపు తీసేవాళ్లు. లేత ఆకు కూర వండేవాళ్లు. గట్ల మీద కొన్ని మొక్కలు మిగిలేవి. ఇప్పుడు చాలా చోట్ల కలుపు మందు కొడుతున్నారు. గట్టును కూడా వదలడం లేదు. పూత రాకముందే మొక్క మాడుతుంది. కలుపు తీసే ఆడవాళ్లకు కూలి కూడా పోతున్నది.

చేను నడుమ గునుగు పెంచమని ఎవరూ అనరు. గట్టు మీద కొంత జాగాలో మందు కొట్టకుండా చూడండి. మందు పడిన చోట ఆకు కూరకు కోయకండి. పువ్వులన్నీ తెంపకండి. కుచ్చు కింది నుంచి పైకి పూస్తుంది. కింది గింజలే ముందు పండుతాయి. ఎండిన కుచ్చును అరచేతిలో నలపండి. నల్లగా మెరిసే సన్న గింజలు రాలుతాయి. సీసాలో దాచి, తొలకరికి గట్టున చల్లండి.

"దిబ్బ పక్కన ఐదారు మొక్కలున్నయి అత్తా, కోసుకు రానా?"

"అవి వద్దు బిడ్డా. విత్తనానికి ఉంచు."