రంగు, నాణ్యత చెడకుండా కూరగాయల ఒరుగుల తయారీ

పంట అంతా ఒకేసారి మార్కెట్‌కు వచ్చినప్పుడు టమాట, క్యాబేజి, బెండ వంటి కూరగాయల ధర కోత కూలికి కూడా చాలని స్థాయికి పడిపోతుంది. తాజా కూరగాయలలో 80 నుండి 95 శాతం వరకు నీరే ఉండటం వలన వాటిని నిలిపి ఉంచడం సాధ్యం కాదు. వంకాయ, కాకర, గోరుచిక్కుడు ముక్కలను ఎండబెట్టి ఒరుగులుగా దాచుకోవడం తెలుగునాట తరతరాలుగా ఉన్నదే. అయితే ఆరుబయట ఎండిన ఒరుగులు నల్లబడి, సువాసన కోల్పోయి, ఇంటి వాడకానికి పనికివచ్చినా అమ్మకంలో ధర పలకవు. ఈ లోపం చాలావరకు ఎండబెట్టడానికి ముందే, ముక్కలను శుద్ధి చేయకపోవడంతోనే మొదలవుతుంది.

రంగు మారడానికి కారణాలు

కోసిన ముక్కలలోని ఎంజైములు గాలిలోని ఆక్సిజన్ సమక్షంలో పనిచేయడం వలన వంకాయ, బంగాళదుంప వంటివి నల్లబడతాయి. ఆకుకూరలలో వేడికి, ఆమ్లానికి పత్రహరితంలోని మెగ్నీషియం తొలగిపోయి ఆకుపచ్చ రంగు పాచిరంగుగా మారుతుంది. క్యారెట్‌లోని కెరోటిన్ వెలుతురుకు, గాలికి క్షీణిస్తుంది. ఇనుప కత్తులు, పాత్రల వలన కూడా ముక్కలు నల్లబడతాయి కనుక స్టెయిన్‌లెస్ స్టీలు వాడాలి.

ముందస్తు శుద్ధి

లేత, తాజా కూరగాయలను కడిగి, 3 నుండి 5 మిల్లీమీటర్ల మందంతో సమానంగా కోయాలి. ముక్కలను పలుచని గుడ్డలో మూటకట్టి మరుగుతున్న నీటిలో 3 - 4 నిమిషాలు, ఆకుకూరలనైతే 1 - 2 నిమిషాలు ఉంచి, వెంటనే చల్లని నీటిలో ముంచాలి. దీనినే బ్లాంచింగ్ అంటారు. దీని వలన ఎంజైములు నశిస్తాయి. సమయం మించితే విటమిన్ సి నీటిలోకి పోతుంది.

ఆకుపచ్చ కూరగాయలకు లీటరు నీటికి వంటసోడా 1 గ్రాము, మెగ్నీషియం ఆక్సైడ్ 1 గ్రాము, పొటాషియం మెటాబైసల్ఫైట్ 5 గ్రాములు కలిపితే రంగు నిలుస్తుంది. సోడా ఎక్కువైతే ముక్కలు మెత్తబడతాయి. ఆహారంలో వాడదగిన రసాయనాలనే తీసుకోవాలి. సల్ఫైట్లు కొందరు ఉబ్బస రోగులకు పడవు కనుక వాటి వాడకాన్ని ప్యాకెట్‌పై తెలపాలి. ఉల్లి, వెల్లుల్లిలో ఘాటును కలిగించే ఎంజైము వేడికి నశిస్తుంది కనుక వాటికి బ్లాంచింగ్ చేయరాదు.

ఎండబెట్టడం

ముక్కలను జల్లి పళ్లేలలో ఒకే పొరగా పరచి, సోలార్ లేదా విద్యుత్ డ్రయ్యర్‌లో 55 - 60 డిగ్రీల సెంటీగ్రేడ్ వద్ద ఆరబెట్టాలి. ఆకుకూరలకు 50 - 55 డిగ్రీలు చాలు. మొదట్లోనే వేడి మరీ ఎక్కువైతే పైపొర గట్టిపడి లోపలి తేమ బయటకు రాదు. చివరి దశలో మరింత జాగ్రత్త అవసరం. ఆవిరయ్యే నీరు తగ్గడంతో ముక్కలు త్వరగా వేడెక్కి గోధుమ రంగుకు మారతాయి. డ్రయ్యర్ లేనిచోట ఆకుకూరలను గాలి ఆడే నీడలో, ముక్కలను పలుచని గుడ్డ కప్పి ఎండలో ఆరబెట్టవచ్చు.

ముక్క విరిచినప్పుడు పెళుసుగా విరగాలి. ఆకు నలిపితే పొడి కావాలి. అప్పటికి తేమ 5 - 8 శాతం ఉంటుంది. 90 శాతం నీరున్న 100 కిలోల ముక్కలను 6 శాతం తేమకు ఎండబెడితే సుమారు 10.6 కిలోల ఒరుగులు వస్తాయి. అమ్మకపు ధరను ఈ లెక్కపైనే నిర్ణయించుకోవాలి.

నిల్వ, వాడకం

చల్లారిన ఒరుగులను మూత గల పాత్రలో వారం రోజులు ఉంచి, రోజూ కుదపాలి. దీనితో తేమ అన్ని ముక్కలకు సమానమవుతుంది. మూతకు నీటి చెమ్మ పడితే మళ్లీ ఆరబెట్టాలి. తరువాత తేమ, గాలి, వెలుతురు చొరని అల్యూమినియం పొర గల సంచులలో సీలు చేయాలి. వండే ముందు గోరువెచ్చని నీటిలో 20 - 30 నిమిషాలు నానబెట్టి, ఆ నీటిని కూరలోనే వాడుకోవాలి.

అమ్మకానికి తయారుచేసే రైతులు, మహిళా సంఘాలు ఆహార భద్రతా సంస్థ వద్ద నమోదు చేసుకోవాలి. బ్లాంచింగ్ సమయాన్ని, డ్రయ్యర్ వేడిని ప్రతిసారీ ఒకే తీరుగా పాటిస్తేనే ప్రతి విడత సరుకూ ఒకే రంగులో ఉండి కొనుగోలుదారుని నమ్మకం నిలుస్తుంది.