బ్రేకుకి బలం ఎక్కడి నుంచి వస్తుంది?

ఈసారి సైన్సు పేజీ నాకు ఇచ్చారు. నేను బ్రేకు గురించి రాస్తున్నాను. ఆడపిల్లకి బ్రేకులెందుకే అని ఒక అక్క నవ్వింది. సెలవులకి జీపులెక్కి ఘాటీలు ఎక్కేది, దిగేది మనమే కదా, అందుకని రాస్తున్నాను.

పోయిన సంక్రాంతి సెలవులయ్యాక మా అన్న నడిపే జీపులోనే పాడేరు ఘాటీ దిగి ఇక్కడికి వస్తున్నాను. ఒళ్లో ట్రంకు పెట్టె. జీపులో ఇరవై మందిమి. దిగుడులో డీజిలు మిగులుతుందని అన్న గేరు న్యూట్రల్ చేసి ఇంజను ఆపేశాడు. చప్పుడు లేకుండా చల్లగా దిగుతోంది, నాకు బాగానే ఉంది. ఒక మలుపులో ఆవులు అడ్డం వచ్చాయి. అన్న బ్రేకు తొక్కాడు, బండి కాస్త నెమ్మదించింది. మళ్లీ తొక్కాడు. మూడోసారి తొక్కేసరికి పెడలు రాయి అయిపోయింది. లేచి నిలబడి తొక్కినా దిగలేదు. చివరికి హ్యాండు బ్రేకు లాగి, కొండ వైపు మట్టి గట్టుకి రాసుకునేలా తిప్పాడు. ఆగింది. ఒక ముసలమ్మ కోళ్ల గంప దొర్లిపోయింది, అంతే. మనుషులకి ఏమీ కాలేదు. అన్న మాత్రం దిగి, రోడ్డు పక్కన చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నాడు.

బ్రేకు ఫెయిలయింది అని అందరూ అన్నారు. కింద గ్యారేజీ మేస్త్రి చక్రాలు విప్పి చూసి, "బ్రేకు బాగానే ఉంది. ఇంజను ఆపేస్తే బూస్టరు ఎలా పనిచేస్తాది?" అన్నాడు. ఆ మాట నా బుర్రలో ఉండిపోయింది. తొక్కేది కాలు. ఆగేది చక్రం. మధ్యలో ఇంజనుకేం పని?

సైన్సు సారుని అడిగితే ముందు సిరంజీలు తెమ్మన్నారు. నర్సమ్మ గారు వాడని సిరంజీలు రెండు ఇచ్చారు, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. వాటి మధ్య సన్న గొట్టం పెట్టి నీళ్లు నింపాం. చిన్నదాన్ని బొటనవేలితో నొక్కితే, పెద్దదాన్ని గట్టిగా పట్టుకున్న నా స్నేహితురాలు ఆపలేకపోయింది. ఇది పాస్కల్ నియమమే. మూసిన ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ పీడనం అన్ని వైపులా సమానంగా పోతుంది. చిన్న సిరంజీ లోపలి అడ్డుకొలత 12 మిల్లీమీటర్లు, పెద్దది 20. వైశాల్యం రెండున్నర రెట్ల పైనే, బలం కూడా అంతే పెరుగుతుంది. అయితే పెద్దది తక్కువ దూరం కదులుతుంది. జీపులో నీళ్లకి బదులు బ్రేకు ఆయిలు ఉంటుంది. పెడలు దగ్గర ఉన్నది మాస్టర్ సిలిండరు.

ఇప్పుడు బూస్టరు. పెడలుకీ మాస్టర్ సిలిండరుకీ మధ్య వెడల్పైన రేకు డబ్బా ఒకటి ఉంటుంది. దాని లోపల రబ్బరు పొర. బ్రేకు తొక్కనప్పుడు పొరకి రెండు పక్కలా గాలి తీసేసి ఉంటుంది. తొక్కగానే కాలి వైపు చిన్న తలుపు తెరుచుకుని బయటి గాలి లోపలికి వస్తుంది. ఒక పక్క గాలి, ఇంకో పక్క ఖాళీ. గాలి పొరని తోస్తుంది, పొర మాస్టర్ సిలిండరుని తోస్తుంది. మన చుట్టూ ఉన్న గాలే అన్నకి సాయం చేస్తుందన్నమాట! గాలి ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో బరువుతో నొక్కుతుందని చదువుకున్నాం కానీ, అది పరీక్షకి తప్ప పనికొస్తుందని నేను అనుకోలేదు.

సారు బోర్డు మీద లెక్క వేయించారు. కాలు 20 కిలోల బలంతో తొక్కిందనుకోండి. పెడలు మీటలాంటిది, నాలుగు రెట్లు చేస్తుంది, 80 కిలోలు. డబ్బా అడ్డుకొలత 20 సెంటీమీటర్లయితే పొర వైశాల్యం 314 చదరపు సెంటీమీటర్లు. గాలి పూర్తిగా తీయలేం, పదిలో ఏడు వంతులు తీశామనుకుంటే సాయం దాదాపు 220 కిలోలు. మొత్తం 300. సాయం పోతే మిగిలేది 80. అంతే బ్రేకు పడాలంటే అన్న 75 కిలోల బలంతో తొక్కాలి. మా అన్న బరువు 52 కిలోలు.

మరి ఆ గాలి తీసేది ఎవరు? పెట్రోలు ఇంజను గాలి పీల్చుకుంటుంది కాబట్టి ఆ పీల్పే సరిపోతుంది. డీజిలు ఇంజనుకి అలాంటి పీల్పు ఉండదు, అందుకని ఇంజనుతో తిరిగే చిన్న పంపు పెడతారు. మా జీపులో అది డైనమో వెనకాల ఉంది, మేస్త్రి చూపించాడు. ఇంజను ఆగితే పంపు ఆగుతుంది. డబ్బాలో దాచిన ఖాళీ రెండు మూడు తొక్కులకి సరిపోతుంది. ఆవుల దగ్గర సరిగ్గా అదే జరిగింది.

అయితే ఇంజనుతో సంబంధం లేకుండా సాయం వచ్చే బ్రేకు ఉండదా అని అడిగాను. ఉంది, అది కరెంటు బ్రేకు అన్నారు సారు. పాత స్పోర్ట్స్ కార్లు ఇష్టపడేవాళ్లు దాన్ని వాటికి కూడా బిగిస్తున్నారట. ఆ కార్ల సంగతి నాకు మన బస్సుల కంటే వింతగా అనిపించింది. ఇంగ్లండులో 1957లో లోటస్ సెవెన్ అని ఒక కారు వచ్చింది. దాన్ని ముక్కలుగా కొనుక్కుని ఇంట్లోనే బిగించుకునేవాళ్లు. ముక్కలుగా కొంటే అప్పటి కొనుగోలు పన్ను పడేది కాదు. ఇంకొకటి కోబ్రా, 1962లో వచ్చింది. ఇంగ్లండు కారు ఒంట్లో అమెరికా ఫోర్డు వారి పెద్ద ఇంజను పెట్టించినవాడు క్యారల్ షెల్బీ అనే రేసు డ్రైవరు. ఇప్పుడు అలాంటి రూపంలో కొత్త కార్లని కిట్లుగా అమ్ముతారు, కొన్నవాళ్లు షెడ్డులో బిగించుకుంటారు.

లోటస్ సెవెన్ దాదాపు 500 కిలోలే. అంత తేలిక బండికి సాయం అక్కర్లేదు. పెడలుని పొడుగు మీటగా చేసి నాలుగు రెట్లకి బదులు ఆరు రెట్లు పెట్టుకుంటే చాలు. కోబ్రా లాంటి బరువైన బండికి, అందులోనూ డిస్కు బ్రేకులుంటే, కాలు నొప్పెడుతుంది. డ్రమ్ము బ్రేకు కొన్నిసార్లు తిరిగే చక్రంతోనే ఇంకా బిగుసుకుంటుంది, డిస్కుకి ఆ గుణం లేదు. వట్టి కాలి బలమే కావాలి. పోనీ బూస్టరు పెడదామంటే రెండు ఇబ్బందులు. కాళ్లు పెట్టే చోటు చాలా ఇరుకు, వెడల్పు డబ్బా పట్టదు. రేసు ఇంజనుల్లో కవాటాలు ఎక్కువసేపు తెరుచుకుని ఉంటాయి కాబట్టి, నెమ్మదిగా తిరిగేటప్పుడు పీల్పు తక్కువ.

అందుకే కరెంటు. ఒక రకంలో డబ్బా పాతదే, గాలి తీసే పంపు మాత్రం బ్యాటరీ మీద తిరుగుతుంది. ఇంకో రకంలో మోటారు ఆయిలుని ఒక గట్టి సీసాలో పీడనంతో నింపి ఉంచుతుంది, తొక్కగానే అది వచ్చి తోస్తుంది. మూడోది నాకు నచ్చింది. బాష్ కంపెనీ 2013లో తెచ్చిన ఐబూస్టరు ఇలాంటిదే, టెస్లా కార్లలో కూడా పెట్టారు. అందులో గాలే లేదు. కాలు ఎంత నొక్కిందో ఒక సెన్సరు కనిపెడుతుంది, మోటారు పళ్లచక్రాలతో అంతకంత తోస్తుంది. టెస్లాల్లో ఇంజనే లేదు కదా, పీల్పు ఎక్కడి నుంచి వస్తుంది మరి! పాడైన కార్ల నుంచి దీన్ని విప్పి పాత కార్లకి బిగించేవాళ్లు ఉన్నారు.

బిగించడం బల్బు పెట్టినట్టు కాదు. తొక్కిన క్షణంలో పదుల ఆంపియర్లు లాగుతుంది. సన్న వైరు వేస్తే కాలిపోతుంది. లావు వైరు, దానికి విడిగా ఫ్యూజు, మంచి బ్యాటరీ ఉండాలి. ఆరు రెట్ల పెడలుని అలాగే ఉంచితే చిన్నగా తాకినా చక్రాలు పట్టేస్తాయి, మీటని నాలుగు రెట్లకి తగ్గించాలి. అన్నిటికంటే ముఖ్యం, కరెంటు పోయినా పెడలు నుంచి మాస్టర్ సిలిండరు దాకా ఇనప కడ్డీ దారి తెగకూడదు. సాయం పోయినా కాలు మిగలాలి.

ఏ బూస్టరూ చేయలేనివి రెండున్నాయి. టైరు పట్టు పెంచలేదు, అరిగిన టైరు జారిపోతుంది. వేడి తగ్గించలేదు. ఘాటీ అంతా బ్రేకు మీదే దిగితే లైనింగులు కాలి పట్టు పోతుంది. దానికి రెండో గేరు, నడుస్తున్న ఇంజను కావాలి. ఇరవై మందిమి తలా యాభై కిలోలనుకున్నా మేమే టన్ను.

దసరా సెలవులకి వెళ్లినప్పుడు మా వాకిట్లో అన్నతో ఒక పరీక్ష చేయించాను. మేస్త్రి నేర్పింది, మీరూ చేయించవచ్చు, ఆగి ఉన్న బండిలోనే సుమా. ఇంజను ఆపి, బ్రేకు నాలుగైదు సార్లు తొక్కాలి. పెడలు గట్టిపడుతుంది. కాలు అలాగే నొక్కి ఉంచి ఇంజను స్టార్టు చేయాలి. బూస్టరు బాగుంటే పెడలు దానంతట అది కాలి కింద కాస్త దిగుతుంది. దిగకపోతే ఆ బండి ఘాటీకి పనికిరాదు.

అన్న కాలి కింద పెడలు దిగింది. నా ముఖం చూశాడు. మళ్లీ ఆపి, మళ్లీ చేశాడు. సెలవులయ్యాక నన్ను దింపడానికి వచ్చినప్పుడు ఘాటీ అంతా రెండో గేరులో, ఇంజను ఆపకుండా దిగాడు. డీజిలు డబ్బులు నువ్విస్తావేటే అని మాత్రం రెండుసార్లు అన్నాడు.

కింద టీ కొట్టు దగ్గర, "చెల్లీ, ఆ కరెంటు బ్రేకు మన జీపుకి పడతాదా?" అని అడిగాడు. పడుతుందేమో గానీ అన్నయ్యా, ముందు బ్యాటరీ మార్చాలి అన్నాను. మా జీపుని రోజూ పొద్దున్నే నలుగురు తోస్తే గానీ స్టార్టు అవదు.