నౌకరి కాయితంలో నీ పని కనిపించాలె, చెల్లే

చెల్లే, ఈ మధ్య నాతో మాట్లాడే ఆడపిల్లల నోట ఒకటే మాట. కరీంనగర్‌లో డిగ్రీ అయిపోయిన పిల్ల అదే అంటది. మంచిర్యాలలో పిల్లలను బడికి పంపి మళ్ల నౌకరి చేద్దామనుకునే ఇల్లాలూ అదే అంటది. "సీవీ పంపమంటున్నరు. నేను చేసిందేమున్నదక్కా రాసుకోవడానికి?" ఈసారి మన ముచ్చట దీనిమీదనే. నువ్వు చేసింది చాలా ఉన్నది. అది ఇంకా కాయితం మీదికి ఎక్కలేదు, అంతే.

మామూలుగా మనం ఏం చేస్తం? బస్టాండు పక్కన జిరాక్స్ షాపుకు పోతం. అక్కడి పిల్లగాడు ఎప్పటిదో ఫార్మాట్ తెరిచి, పాత పేరు చెరిపి మన పేరు కొడతడు. పైన 'మంచి సంస్థలో చేరి నా నైపుణ్యాలు పెంచుకోవడమే లక్ష్యం' అని ఇంగ్లిష్‌లో రెండు లైన్లు. కింద తండ్రి పేరు, మతం, జాతీయత, పెళ్లయిందా లేదా, హాబీలంటే పాటలు వినుడు, టీవీ చూసుడు. చివర 'పై వివరాలన్నీ నిజమని ప్రకటిస్తున్నాను', ఒక సంతకం. అందులో నీ చదువు తప్ప నీ గురించి ఒక్క ముక్క ఉండదు. పని ఇచ్చేవాళ్ల టేబుల్ మీద ఇట్లాంటివి కట్టలు కట్టలుగా ఉంటయి. వాళ్లు అందులో వెతికేది ఒక్కటే: ఈ అమ్మాయి వస్తే మా దగ్గర ఏ పని నడుస్తది?

దానికి జవాబు నీ ఊర్లనే ఉన్నది. మహిళా సంఘం సంగతే తీసుకో. చాలాచోట్ల సంఘం పద్దులు రాసేది చదువుకున్న కోడలో, ఇంటి బిడ్డనో. సంఘానికి పంచసూత్రాలు ఉంటయి గదా: క్రమం తప్పని మీటింగులు, క్రమం తప్పని పొదుపు, సభ్యులకు అంతర్గత అప్పులు, వాయిదా ప్రకారం కట్టుడు, పుస్తకాల నిర్వహణ. లోను ఇచ్చే ముందు బ్యాంకువాళ్లు చూసేవి కూడా ఇవే. ఎవరొచ్చిన్రు, ఏం తీర్మానం చేసిన్రు అన్నది మినిట్స్ పుస్తకంలో రాయాలె. ఎవరి పొదుపు ఎంత, ఎవరి బాకీ ఎంత అన్నది లెడ్జర్‌లో ఎక్కియ్యాలె. పది రూపాయలు తేడా వస్తే పుస్తకాలు ముందేసుకుని, ఎక్కడ తప్పిందో పట్టుకునేదాకా లేవొద్దు. ఇంత పని చేసిన పిల్ల సీవీ తీసి చూస్తే ఏముంటది? 'అనుభవం: లేదు.'

ఆ లైను కొట్టేసి ఇట్ల రాయి: '12 మంది సభ్యులున్న మహిళా సంఘానికి 3 ఏండ్లు పద్దులు రాసిన. క్యాష్ బుక్, పొదుపు-అప్పుల లెడ్జర్, మినిట్స్ నేనే చూసుకున్న. బ్యాంకు లోను కాయితాలు తయారు చేసిన, నెలనెలా వాయిదాలు వసూలు చేసి కట్టిన.' ప్రైవేటు దవాఖాన బిల్లింగ్ కౌంటర్ అయినా, సూపర్ మార్కెట్ అకౌంట్స్ అయినా, ఈ మూడు ముక్కలు చదివినోళ్లు నిన్ను పిలిచి మాట్లాడాలనుకుంటరు. జీతం రాలేదని అది పని కాకుండ పోదు. అంకెలు మాత్రం నిజమైనవే రాయాలె. 12 మంది ఉంటే 12, 10 మంది ఉంటే 10.

ఇదే కన్నుతో మిగిలినవీ చూసుకో. సిరిసిల్లలో ఇంట్ల మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టినవా? కొలతలు, ఆర్డర్లు, బతుకమ్మ పండుగ ముందట గడువుకు ఇచ్చుడు, అన్నీ రాసుకునేవే. కోరుట్ల దిక్కు అమ్మ చేసిన బీడీల లెక్క, పీఎఫ్ కాయితాలు నువ్వే చూసినవా? రాయి. ట్యూషన్ చెప్పినవా? ఏ తరగతులు, ఎంతమంది పిల్లలు, ఎన్నేండ్లు? 'కంప్యూటర్ వచ్చు' అని వదిలెయ్యకు. ఎక్సెల్‌లో స్టాక్ లెక్క చేస్తవా, ట్యాలీలో జీఎస్టీ బిల్లు కొడతవా, తెలుగులో టైపు చేస్తవా, అది చెప్పు.

ఆదిలాబాద్ దిక్కు చెల్లెండ్లకు ఇంకో మాట. ఉట్నూరులో, ఇంద్రవెల్లిలో పెరిగిన పిల్లల్లో చాలామందికి గోండి, మరాఠీ, తెలుగు, హిందీ నాలుగూ వస్తయి. కొందరికి కొలామీ, లంబాడీ కూడా. సీవీలో మాత్రం 'తెలుగు, ఇంగ్లిష్' అని రాసి ఊరుకుంటరు. ఎందుకు దాచుకోవాలె? మహారాష్ట్ర సరిహద్దు జిల్లా మనది. దవాఖానకు వచ్చే పేషెంటు, లోను కోసం బ్యాంకుకు వచ్చే రైతు, పత్తి బండితో యార్డుకు వచ్చే మనిషి, అందరూ తెలుగులోనే మాట్లాడరు. గూడెం నుంచి వచ్చిన తల్లికి మందు ఎన్ని పూటలు వెయ్యాల్నో గోండిలో చెప్పగలిగే నర్సు ఉంటే ఆ వార్డు పని ఎంత తేలికైతదో పై డాక్టర్లకు తెలుసు. ఏ భాష మాట్లాడతవో, ఏది చదవగలవో, ఏది రాయగలవో విడివిడిగా పెట్టు. గోండి అని రాయడానికి అస్సలు వెనకాడకు.

ఒకే కాయితాన్ని అన్ని జాగలకు పంపకు. 2020లో కరీంనగర్‌లో తెరిచిన ఐటీ టవర్‌లాంటి చోట్లకు పంపేటప్పుడు నువ్వు చేసిన ప్రాజెక్టు, అందులో నీ సొంత పని ముందట ఉండాలె. రామగుండం దిక్కు సింగరేణి, ఎన్టీపీసీల చుట్టూ ఉండే కాంట్రాక్టు కంపెనీలకైతే ఐటీఐ ట్రేడ్, అప్రెంటిస్ చేసిన చోటు ముందట రావాలె. ప్రకటన రెండుసార్లు చదువు. వాళ్లు 'ట్యాలీ' అని అడిగితే, నీకు వస్తే, 'ట్యాలీ' అనే రాయి. పెద్ద కంపెనీల్లో చాలావాటికి మనిషి కంటే ముందు కంప్యూటరే ఆ మాటలు వెతికి వడపోస్తది.

ఇగ చిన్నచిన్నవే గానీ పని చెడగొట్టే సంగతులు. పెళ్లయినోళ్లు పేరు దగ్గర పైలం. టెన్త్ మెమోలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు ఉంటే సర్టిఫికెట్లు చూసేనాడు పేచీ వస్తది. సీవీలో మెమోలో ఉన్న పేరే పెట్టు, తేడా ఉంటే ముందుగాలనే సరిచేయించుకో. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయినయి గదా, మెమోలో కరీంనగర్ జిల్లా అని ఉన్నా అడ్రసులో ఇప్పటి జిల్లానే రాయి, జగిత్యాల అయితే జగిత్యాల, పెద్దపల్లి అయితే పెద్దపల్లి. ఫోన్ నంబరు నీదే ఇయ్యి. అన్న నంబరో, ఆయన నంబరో ఇస్తే పిలుపు వచ్చే యాళ్లకు ఆయన డ్యూటీలో ఉంటడు, నీకు చెప్పేసరికి ఆ జాగ ఇంకొకరికి పోతది. మతం, ఆధార్ నంబరు, ఇంటి నంబరు అక్కర్లేదు, ఊరు, పిన్‌కోడ్ చాలు. పిల్లల కోసం ఆగిన ఏండ్లను దాచకు. ఎప్పటినుంచి ఎప్పటిదాకా ఆగినవో, ఆ మధ్యల ఏమన్నా నేర్చుకుంటే అది, ఒక్క లైనులో చెప్పు. కొత్తగా చేరేటోళ్లకు ఒక్క పేజీ సరిపోతది. పీడీఎఫ్ చేసి, ఆ ఫైలుకు నీ పేరే పెట్టి పంపు.

సీవీ పంపంగనే రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ డిపాజిట్ అని ఎవరన్నా పైసలు అడిగితే అక్కడికే ఆపెయ్యి. పని ఇచ్చేటోళ్లు మనకు జీతం ఇస్తరు. గల్ఫ్ నౌకరి అంటే, ఆ ఏజెంటు సర్కారు వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్‌లో రిజిస్టర్ అయి ఉన్నడో లేదో చూసుకున్నంకనే కాయితాలు చేతికియ్యి.

అంతా అయినంక ఒక పని చెయ్యి చెల్లే. సీవీలో ఒక్కో లైను చదివి, "ఇది ఎట్ల చేసినవో చెప్పు" అని నిన్ను నువ్వే అడుగు. ఒక్క నిమిషం ఆగకుండ చెప్పగలిగితే ఆ లైను ఉంచు. చెప్పలేకపోతే, ఎంత గొప్పగ ఉన్నా సరే, తీసెయ్యి. ఇంటర్వ్యూల వాళ్లు అడిగేది అదే కాయితం ముందట పెట్టుకుని. అందులో ఉన్నవన్నీ నీ చేతులతో చేసిన పనులైనప్పుడు నువ్వు జంకాల్సిన పనేమున్నది?