పదకొండో రోజు తర్వాత వెళ్లండి

పరామర్శకు వెళ్లాలంటే మీకు బెరుకు. అక్కడ ఏం మాట్లాడాలో తెలియదు. అందుకే నలుగురితోపాటు వెళ్లి, పది నిమిషాలు కూర్చుని లేచి వచ్చేస్తారు. లేదంటే వాట్సాప్ గ్రూపులో ‘ఓం శాంతి’ పెట్టి ఊరుకుంటారు. మీకు మనసు లేక కాదు. ఎవరూ నేర్పలేదు, అంతే. ఓదార్చడం కూడా ఒక స్కిల్. మీరు నేర్చుకోగలరు.

ముందుగా ఈ మాటలు మానేయండి:

- ‘పెద్ద వయసే కదా.’
- ‘కష్టపడకుండా పోయారు, అదృష్టవంతులు.’
- ‘నువ్వే ఇలా అయిపోతే పిల్లల్ని ఎవరు చూస్తారు?’

మూడోది మరీ అన్యాయం. ఏడవాల్సిన మనిషిని ఏడవనివ్వదు. ‘అసలు ఎలా జరిగింది?’ అని కూడా అడగొద్దు. వచ్చిన ప్రతి ఒక్కరికీ ఆ ఇల్లాలు అదే చెప్పి అలసిపోయి ఉంటుంది. తనంతట తాను చెబితే మాత్రం వినండి. నిన్న విన్నదే అయినా మొదటిసారి విన్నట్టే వినండి.

మరి ఏం మాట్లాడాలి? పోయిన మనిషి గురించే మాట్లాడండి. గుర్తుచేస్తే బాధపడతారేమో అని మనం ఆ పేరే ఎత్తం. వాళ్లు మర్చిపోతే కదా మనం గుర్తుచేయడానికి! ‘మీ నాన్నగారు చాలా మంచివారు’ అనే మాట అందరూ అంటారు. మీరు ఒక్క సంఘటన చెప్పండి. ‘నా మొదటి ఇంటర్వ్యూకి మీ నాన్నగారే స్కూటర్ మీద బస్టాండ్‌లో దింపారు. బస్సు కదిలేదాకా అక్కడే నిలబడ్డారు.’ కొడుక్కి కూడా తెలియని తండ్రిని మీరు ఆ పూట అతనికి చూపించారు. వీలైతే కాగితం మీద రాసివ్వండి. దాచుకుంటారు.

‘ఏం కావాలన్నా ఫోన్ చెయ్యి’ అంటారు కదా? ఎవరూ చేయరు. ఏదో ఒక పని మీరే అందుకోండి. ‘రేపు పొద్దున టిఫిన్ మా ఇంటి నుంచి వస్తుంది’ అని చెప్పేయండి.

కాగితాల పని తీసుకుంటే ఇంకా మేలు. మరణాన్ని 21 రోజుల్లోగా రిజిస్టర్ చేయించాలి. ఆసుపత్రిలో పోతే సమాచారం వాళ్లే పంపాలి. ఇంట్లో పోతే పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో కుటుంబమే చెప్పాలి. డెత్ సర్టిఫికెట్ కాపీలు ఎక్కువే తీయించండి. బ్యాంకు, ఎల్ఐసీ, పెన్షన్, గ్యాస్ కనెక్షన్... ప్రతిచోటా అడుగుతారు. పాస్‌బుక్ కూడా ఓసారి తిరగేయండి. మే నెలాఖర్లోనో జూన్‌లోనో రూ.436 కట్ అయి ఉంటే, అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా కావచ్చు. పాలసీ అమల్లో ఉంటే నామినీకి 2 లక్షల రూపాయలు వస్తాయి. ఇంట్లోవాళ్లకు ఆ సంగతే తెలియకపోవచ్చు.

ఇక అసలైన అలవాటు. పెద్దకర్మ అయ్యాక టెంట్ తీసేస్తారు, చుట్టాలు ఎవరి ఊరికి వాళ్లు వెళ్లిపోతారు. గుమ్మం దగ్గర పోయినాయన చెప్పులు అలాగే ఉంటాయి. మధ్యాహ్నం మూడింటికి టీ పెడితే చేయి అలవాటుగా రెండో గ్లాసు తీస్తుంది. మీ అవసరం ఉండేది అప్పుడే. ఫోన్ క్యాలెండర్‌లో ఇవి పెట్టుకోండి: నెల మాసికం, ఆయన పుట్టినరోజు, వాళ్ల పెళ్లిరోజు, మొదటి సంక్రాంతి. ఏడాదిపాటు ఆ ఇంట్లో పండగ చేసుకోరని ఎవరూ గడప తొక్కరు. మీరు వెళ్లండి. ‘ఎలా ఉన్నావు?’ అనే ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం. ‘ఇవాళ ఎలా ఉంది?’ అని అడగండి.

ఏడాది దాటినా తిండి, నిద్ర, పని ఏదీ గాడిన పడకపోతే, దాన్ని మనసు బలహీనత అనకండి. డాక్టర్ దగ్గరికి తోడు వెళ్లండి. చచ్చిపోవాలనిపిస్తోందన్న మాట వస్తే ఒక్కరోజు కూడా ఆగొద్దు. టెలి మానస్ నంబరు 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఈ ఏడాది మీకు తెలిసిన ఏ ఇంట్లో మనిషి పోయారు? ఇప్పుడే మెసేజ్ పెట్టండి: ‘ఆదివారం సాయంత్రం వస్తున్నాను. అన్నయ్య గురించి నీకో సంగతి చెప్పాలి.’